మాస్టారికి వేసిన కుర్చీ

ముప్పై రెండేళ్లు రేపల్లె హైస్కూల్లో పిల్లల చేత కవాతు చేయించిన డ్రిల్లు మాస్టారు కృపారావుగారు, డెబ్బయ్యో ఏట తన కాళ్ళకి తానే డ్రిల్లు నేర్పుకోవలసి వచ్చింది. పార్కిన్సన్స్ జబ్బన్నారు డాక్టర్లు. చెయ్యి వణికితే జేబులో పెట్టుకోవచ్చు. కాళ్ళ సంగతి అలా కాదు. గుమ్మం దగ్గరికి రాగానే మేకులు కొట్టినట్టు నేలకి అతుక్కుపోయేవి. మాట వినని పిల్లలెందరినో దారికి తెచ్చినవారే గాని, మాట వినని కాళ్ళు ఆయనకి కొత్త.

తెనాలి నుంచి కీర్తన అనే ఫిజియోథెరపిస్టు రోజూ ఉదయం వీడియో కాల్‌లో వ్యాయామం చేయించేది. ఫోను పట్టుకోవడానికీ, పడబోతే ఆపడానికీ పక్కన మనిషి కావాలి. ఆ పనికి అజయ్ బాబు వచ్చేవాడు. ఒకప్పుడు మాస్టారి శిష్యుడు, ఇప్పుడు అదే స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది కూడా ఈయనే. కొడుకున్నా ఇంత చెయ్యడని మాస్టారి భార్య లక్ష్మమ్మ వీధంతా చెప్పుకునేది.

ఫిబ్రవరిలో స్కూలు డెబ్బయ్యయిదేళ్ల ఉత్సవం. పిల్లల ముందు నడిచి, కవాతుకి కమాండ్ ఇచ్చి, బాపట్ల నుంచి వచ్చే డీఈవోగారికి సెల్యూట్ చేయమని హెడ్‌మిస్ట్రెస్ మాస్టారినే అడిగారు. ఆయనకి ఇంక వేరే ఆశ లేదు. ఊరు తనని రోగిగా చూడకముందు ఒక్కసారి డ్రిల్లు మాస్టారుగా కనిపించాలి. వ్యాయామం మొదలైన రెండో వారంలో అజయ్ బాబే వసారాలో నీలం టేపు గీతలు అతికించాడు. ఒక్కో గీతా దాటుతూ అడుగులు వేసీ వేసీ, మూడు నెలలకి మాస్టారు ఆగకుండా గుమ్మం దాటారు. గ్రౌండులో ఒక చుట్టు నడవవచ్చని కీర్తన ఒప్పుకుంది.

"కమాండ్ మీరే ఇవ్వాలి సార్. ఇంకెవరిచ్చినా అది కవాతు కాదండి" అన్నాడు అజయ్ బాబు.

ఆ ఉదయం తెల్ల బట్టలు ఇస్త్రీ చేయించుకుని, మెడలో విజిల్ వేసుకుని వెళ్ళారు మాస్టారు. హెడ్‌మిస్ట్రెస్ ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వేదిక పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కవాతు అజయ్ చూసుకుంటాడట. మాస్టారికి శాలువా కప్పుతారట.

"నిన్న అజయ్ మీ వీడియో చూపించాడండి. గుమ్మంలో ఆగిపోయి మీరు పడబోతుంటే నాకు కన్నీళ్ళొచ్చాయి. మిమ్మల్ని ఎండలో ఎలా నిలబెడతాం మాస్టారూ" అంటూ ఆవిడ ఫోను చూపించారు.

వసారా తనదే. తడబడే కాళ్ళూ తనవే. నేల మీద నీలం గీతలు మాత్రం లేవు. అంటే మొదటి వారంలోనే తీసి దాచుకున్నాడు. తర్వాతి మూడు నెలల్లో ఒక్క అడుగు కూడా ఆవిడకి చూపించలేదు. రోజూ వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టినవాడే ఇంత పని చేశాడు.

"ఇది పాతదమ్మా. నేనిప్పుడు నడుస్తున్నాను" అన్నారు. జబ్బుతో సన్నబడిన ఆ గొంతు మైకు గోలలో ఆవిడ చెవిన పడలేదు. గ్రౌండు మధ్య నుంచి అజయ్ బాబు ఇటు చూశాడు. చూపు కలవగానే తల తిప్పుకున్నాడు. మాస్టారికి ఇంక అడగవలసింది ఏమీ మిగల్లేదు.

ఆ శాలువా కోసం కూర్చుంటానా అనుకుని లేచి గేటు వైపు కదిలారు. నాలుగడుగులు వేశారో లేదో కాళ్ళు పాతుకుపోయాయి. వేదిక మీద పెద్దలూ, వరసల్లో పిల్లలూ చూస్తున్నారు. కోపంతో ఒళ్ళు మండిపోతోంది, అంగుళం కదలలేకపోతున్నారు. ఇక్కడ పడితే ఆ పాత వీడియోనే నిజమైపోతుంది.

అప్పుడు మైకులో అజయ్ బాబు గొంతు మోగింది. "లెఫ్ట్, రైట్, లెఫ్ట్."

తను నేర్పిన ఊపే. లయ దొరికితే ఆగిన కాళ్ళు కదులుతాయని వైద్యం తెలిసినవాళ్ళు అంటారు. మాస్టారి ఎడమకాలు లేచింది, వెంటనే కుడికాలు. వాడి మాట మీద నడవొద్దని లోపల ఎంత మొత్తుకున్నా అవి వినలేదు. ఆయన కాళ్ళు కూడా వాడి పక్షానే చేరాయి. గేటు దాటి రోడ్డెక్కేదాకా కృపారావు మాస్టారు అజయ్ బాబు కమాండ్ మీదే కవాతు చేశారు.