మాడని బీరతీగ

మా వనపర్తిల నీళ్ల ట్యాంకు ఎనక ఉన్న ఖాళీ జాగను మడులుగ గీసి, కూరగాయలు పెట్టుకోండ్రని మున్సిపాలిటోళ్లు ఆడోళ్లకిచ్చిన్రు. ఇద్దరికొక మడి. ఒకరు ఇడిసిపెడితే ఇంకొకరిది గూడ పోతది. నా నసీబుల మా వాడకట్టు జములమ్మత్త పడ్డది.

ఆ మడి మీద నాకెందుకంత పానమో చెప్పాలె. మా ఇల్లంటే ఒక్క అర్ర. మా ఆయన మహిపాల్ కొత్తకోట కాడ లారీ మీదికెంచి పడి కాలు ఇరగ్గొట్టుకున్నప్పటి సంది, కట్టె పట్టుకొని నడవొచ్చినా, మంచం మీదనే ఉంటడు. పొద్దంత టీవీ, బీడీ పొగ. నేను మూలకు కూసొని మిషన్ మీద జాకెట్లు కుడుత. లేస్తే యాడికంటడు, ఊకుంటే ఏమాలోచిస్తున్నవంటడు. పెండ్లయి ఇన్నేండ్లయినా కడుపు పండలేదని రోజుకొక్కసారన్న అనకుంటే ఆయనకు బువ్వ దిగదు. బకీట్ పట్టుకొని మడికాడికి పోతెనే నాకు ఊపిరాడుతుండె.

జములమ్మత్త చెడ్డది గాదు గని నోరు మూయదు, పెద్ద మొండిది. చెప్పులిడిసి మడిలకు రావాలె. పందిరికి తూర్పు దిక్కుకెంచే నీళ్లు పెట్టాలె. ముట్టయినప్పుడు మాత్రం నేను మడి దరిదాపులకు గూడ రావొద్దు. ముట్టు చెయ్యి తాకితే బీరతీగ మాడిపోతదట. నాకు ఒళ్లు మండింది. మా ఇంట్ల ఆ పట్టింపుల్లేవు, నేను దూరం కూసుంటే ఆయనకు వండిపెట్టేదెవరు? నాకెప్పుడైతదో ఆయనకెన్నడు పట్టలేదు. ఈమెకు మాత్రం పట్టింది. గట్టిగంటే మడి ఇడిసి పోతదేమోనని భయం.

అందుకే అత్తకు చెప్పుడే బందు జేసిన. ముట్టయినా తానం జేసి, జడేసుకొని, ఏం తెల్వనట్లు పోయిన. ఆ చేతుల్తోనే పిందెలు తడిమిన, తీగను పందిరికెక్కించిన. ఒక నెల పాయె, ఇంకో నెల పాయె. తీగ పందిరి నిండ పారింది. మూరెడు మూరెడు కాయలు దిగినయి. లోపల్లోపల మస్తు నవ్వుకున్న.

ఇయాల పొద్దున జములమ్మత్త ఒడి నిండ బీరకాయలు పోసుకొని మా ఇంటికొచ్చింది. సక్కగ మా ఆయన మంచం కాడికి పోయి, రెండు నెల్ల సంది నీ పెండ్లానికి ముట్టు కాలేదు, నీకు చెప్పిందా లేదా అని అడిగింది. ఆయన టీవీ బందు జేసిండు. నా దిక్కు చూసిండు, కండ్లల్ల నీళ్లు. అత్త చెప్పుకుంటనే పోయింది. ఇగ నేను బకీట్లు మొయ్యొద్దు, ట్యాంకు కాడి గాలి మంచిది గాదు, పురుడు దాక గడప దాటొద్దు. నా వంతు పని మా ఆయన జేస్తడట.

నేను సూస్తే ఇయాల తెల్లారంగనే ముట్టయిన. చెప్తే అత్త మడిలకు రానియ్యదు, చెప్పకుంటే ఈయన గడప దాటనియ్యడు. రేపు పొట్ట రాకుంటే నేనే పోగొట్టుకున్ననంటరు. ఏమైతే అదైతదని నోరు తెరిసిన.

"అత్తా, నాకు నెల తప్పలేదు. ఇప్పుడు గూడ ముట్టుతోనే ఉన్న. పోయిన నెల, ఆ ముందు నెల గట్లనే వచ్చి తీగ పట్టుకున్న."

ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. జములమ్మత్త నా గదుమ పట్టుకొని నవ్వింది.

"దిష్టి తాకుతదని మొదట్ల అందరం గిట్లనే దాస్తం బిడ్డా. ముట్టు చెయ్యి తాకినదైతే తీగ గిట్ల కాసేదా?" అని ఒళ్లోకెంచి ఒక కాయ తీసి మా ఆయన చేతిల పెట్టింది.

ఆయన ఆ కాయను అటిటు తిప్పి చూసిండు. మిగిలిన కాయలన్ని అత్త నా ఒళ్లో పోసింది. నేను నిజమే చెప్తున్న అని మల్లొకసారి అన్న. ఇద్దరిల ఎవరు ఇనలేదు. ఆయన గోడకున్న కట్టె అందుకొని లేసిండు. మూలకున్న నా బకీట్ పట్టుకున్నడు. పందిరికి ఏ దిక్కుకెంచి నీళ్లు పెట్టాలె అని అత్తను అడుక్కుంట మెల్లగ గడప దాటిండు. నాకు గాలి తాకొద్దని, పోతపోత తలుపు దగ్గరికేసిండు.