గ్రాఫు మూలన పేరు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. పట్టుచీరల డిజైన్లు గ్రాఫు కాగితాల మీద గీసే అంజినప్ప, వంటింట్లో ఆయన భార్య పాపక్క, ఆమె తమ్ముడు జగదీష్, అతను బెంగుళూరు నుంచి వెంటబెట్టుకొచ్చిన ప్రొఫెసరు, కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయిన వాళ్ళ కూతురు వాణి.

జగదీష్ పరిశోధన ఏమిటో వాణికి నెల కిందటే తెలిసింది. పరమాణువు లోపలి క్వార్కులను కట్టి ఉంచే బలాన్ని కంప్యూటరులో గళ్ళ పెట్టె ఒకటి కట్టి లెక్కిస్తారు. పెట్టె కుడి అంచు దాటినది ఎడమ అంచులోంచి తిరిగి వస్తుంది. ఆ బలం ఎక్కువ దూరం పోదు కాబట్టి చిక్కు లేదు. ఇప్పుడు అందులో విద్యుత్తును, అంటే క్వార్కుల చార్జిని కూడా కలపాలి. దాని ప్రభావం ఎంత దూరమైనా పోతుంది. అది అంచు దాటి తిరిగి రావడం వల్ల లెక్కలో వచ్చే తప్పును కుప్పం సెమినారులో పిల్లలకు ఎట్లా చెప్పాలో అతనికి తోచలేదు.

"మన చీర బుటా మాదిరే గదా మామా," అంది వాణి. "ఈ అంచు పోయి ఆ అంచుకు కలుస్తాది. చార్జి పక్కనుండే గ్రాఫులో తన్ను తానే సూసుకుంటాది. గ్రాఫు పెద్దది చేస్తా పోతే బుటాలు దూరమవుతాయి, తప్పు తగ్గుతాది."

జగదీష్ ఆమె నెత్తిన చెయ్యేసి, చిన్నదీ పెద్దదీ మూడు గ్రాఫులు గీయమన్నాడు. ఈ ఆలోచన నీదేనని సారుకు చెప్తానని మాటిచ్చాడు. అంత పెద్ద సారు మెచ్చుకుంటే ఎంపీసీలో చేరుస్తాననీ, లేకుంటే డిజైను ప్రకారం మగ్గం అట్టలకు చిల్లులు కొట్టే పనిలో కూర్చోవాలనీ అంజినప్ప అప్పటికే తేల్చేశాడు. 2008 మే ఆరో తేదీ కింద వాణి ఇదంతా డైరీలో రాసుకుంది.

ఇప్పుడు ప్రొఫెసరు మూడు గ్రాఫులనూ పక్కపక్కన పరిచి చూశాడు. ఇది ఎవరికి తట్టిందని అడిగాడు.

జగదీష్ గ్రాఫు మూలన వేలు పెట్టాడు. "పేరు ఉండాది గదా సార్. గీసింది మాత్రం మా అక్క కూతురు. చేతిపని బాగుంటాది."

అక్కడ జగదీష్ పేరు రాసింది వాణే. గ్రాఫు మూలన గీసినవాళ్ళ పేరు రాయరు, చెప్పి గీయించుకున్నవాళ్ళ పేరు రాస్తారు. నాయన దగ్గర నేర్చిన అలవాటు. ఆ సంగతి జగదీష్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"నేను చెప్పలా, దానికి చేతిపనే," అన్నాడు అంజినప్ప సంబరంగా. సోమవారం నుంచి అట్టల దగ్గర కూర్చోబెడతానన్నాడు.

వాణి పళ్ళెం కింద పెట్టి, తన ట్రంకుపెట్టెలోంచి డైరీ తెచ్చింది. ఆ తేదీ పేజీ తెరిచి గుమ్మం దాకా వచ్చింది. డైరీని ముందుకు చాచింది.

జగదీష్ లేచి వచ్చాడు. పేజీ వైపు ఒకసారి చూశాడు.

"సారుతో మాట్లాడతాండాం గదమ్మా," అన్నాడు మెల్లగా, తలుపు మూస్తూ.