గొరిగిన మెడ

పశువు నాలుగడుగులు వేస్తే చాలు, పశువుల బేరగాడు దొరస్వామి దాని వయసూ బలమూ పొగరూ లెక్కగట్టేస్తాడు. పళ్లు చూస్తాడు, సుడి చూస్తాడు, గిట్టలు చూస్తాడు. చిత్తూరు చుట్టుపక్కల సంతల్లో అతని కన్ను తప్పిన పశువు లేదు. కానీ కనురెప్ప లోపల చూడాలని ఏనాడూ తోచలేదు.

పక్కింటి చంద్రకాంతమ్మ జెర్సీ ఆవు లేవలేక పడి ఉంది. డాక్టర్ రూపశ్రీ దాని కిందిరెప్పను వేలితో మడిచి చూపించింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంది.

"పిడుదులు కుట్టి రక్తంలోకి క్రిమి ఎక్కింది. అది ఎర్రకణాల్ని పగలగొట్టేసింది. మూత్రం కాఫీ రంగులో పోసిందంటే అందుకే. క్రిమికి సూది వేశాను. పోయిన రక్తం సూదితో రాదు. ఇంకో పశువుది ఎక్కించాలి, అదీ ఇప్పుడే."

"ఎవురిదైనా సరిపోతాదా డాక్టరమ్మా?" అంది చంద్రకాంతమ్మ.

"మొదటిసారి చాలావరకు సరిపోతుంది. బలమైన పశువు కావాలి."

అందరి చూపూ దొరస్వామి కొట్టంలోని ఎద్దు మీద పడింది. వచ్చే సంత కోసం మేపి నిగనిగలాడించిన ఎద్దు అది. రక్తం తీసినా దానికేం కాదు, కొన్ని వారాల్లో మళ్లీ పడుతుందంది డాక్టరు. కాకపోతే సూది గుచ్చేచోట మెడ మీద వెంట్రుకలు గొరగాలట.

దొరస్వామి గతుక్కుమన్నాడు. గొరిగిన మెడంటే సూదులు తిన్న రోగిష్టి పశువని సంతలో లెక్క. ఆ మచ్చ చూపించి ఎందరి బేరాలు పడగొట్టాడో తనకే తెలుసు.

"మొన్న ఈ ఆవునమ్మమంటే నాకియ్యకపోతివి గదక్కా."

"ఇచ్చుంటే ఈపొద్దు నీ కొట్టంలో సచ్చేది. మాటలొద్దబ్బా, ఎద్దునిస్తావా, ఇయ్యవా?"

ఒక సంతలో పోని ఎద్దు ఇంకో సంతకు పోతుంది. చచ్చిన ఆవు ఏ సంతకూ పోదు. ఎటు తిప్పి చూసినా లెక్క అక్కడికే వచ్చింది. దొరస్వామి తాడు విప్పాడు.

సంతరోజు, గుడియాత్తం వ్యాపారి ధర పక్కవాళ్లకు తెలియకుండా పైపంచె కింద దొరస్వామి వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెట్టాడు. మెడ చూసి చెయ్యి వదిలేశాడు.

"ఏం రోగమప్పా?"

"రోగం లేదు. పక్కింటావుకు రక్తమిచ్చినాది."

వ్యాపారి పడీపడీ నవ్వాడు. "ఇన్నాళ్లూ నువ్వు చెప్పిన అబద్ధాలన్నీ నమ్మితి. ఇది మాత్రం శానా జాస్తి సామీ!"

దొరస్వామి ఎద్దు రెప్ప మడిచాడు. "సూడు. రోగమున్న పశువుకు ఈ ఎరుపుంటాదా?"

వ్యాపారి వంగి చూశాడు. పక్క వరసకు పోయి ఇంకో ఎద్దు రెప్ప మడిచాడు, ఆ తర్వాత మరొకటి. విద్య పట్టుకుపోయాడు గానీ బేరానికి తిరిగి రాలేదు.

సాయంత్రం దొరస్వామి ఎద్దుతోనే ఇంటికొచ్చాడు. ఆవు నిలబడి గడ్డి మేస్తోంది. ఎద్దును కట్టకముందే పోయి ఆవు రెప్ప మడిచాడు. ఎరుపు ఇంకా లేదు. కోసిన ఎర్రజామపండు లోపలి గులాబీ రంగు మాత్రం వచ్చింది.

"అమ్ముడుపోలేదా? నా వల్లే గదా," అంది చంద్రకాంతమ్మ.

"వెంట్రుకలు మొలస్తాయిలే అక్కా."

ఆవు తల విదిలించుకుని, అతని పైపంచె అంచు అందుకుని నమలసాగింది. దొరస్వామి లాక్కోలేదు.