కిటికీ వైపు తిప్పిన కుర్చీ

ఒక చేత్తో పసివాణ్ణి రొమ్ముకు ఆన్చుకుని, రెండో చేత్తో జావగిన్నె అడుగు గీకుతూ ట్విలా ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటోంది.

"ఏడు ఎనిమిదులు?"

"యాభై నాలుగు," అన్నాడు జూబల్.

"యాభై ఆరు."

ఆ మాట ట్విలాది కాదు. పొయ్యి పక్కన చక్రాల కుర్చీలో, చెవిలో వినికిడి మిషనుతో కూర్చున్న అత్తగారిది. ట్విలా నోరు తెరిచేలోపే ఆవిడ దిద్దేస్తుంది. దిద్ది, మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది, తనకేమీ పట్టనట్టు.

వంటింటి బల్ల చుట్టూ, బల్ల కిందా కలిపి ఏడుగురు పిల్లలు. ఎనిమిదోవాడు పుట్టి మూడు వారాలు. పెద్దపిల్ల హదస్సా చిక్కుడు గింజలు పోసి చెల్లెళ్ళకు కూడికలు నేర్పుతోంది. కవలలు బల్ల కింద దూరి ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటున్నారు. రొట్టెల పిండి పొయ్యి వేడికి ఉబ్బుతోంది. తలుపు వెనక ఉతకాల్సిన బట్టల గుట్ట. ట్విలా ఒంటి మీద భర్త పాత చొక్కా, దాని మీద ఎండిన పాల మరకలు. కుట్లు ఇంకా మానలేదు. కూర్చోవాలంటే బల్ల అంచు పట్టుకుని మెల్లగా దిగాలి. పొద్దున తడిపిన జుట్టు ముడిలోనే ఉండిపోతుంది, సాయంత్రానికి గానీ ఆరదు.

భర్త వెండెల్ కొండ ఊళ్ళకు గ్యాసు తోలే లారీ నడుపుతాడు. చలికాలంలో తెల్లారకముందే వెళ్ళిపోతాడు. ఆకులు రాలే రోజుల్లో తల్లికి తుంటి విరిగితే తెచ్చి ఇక్కడ దించాడు. "కొన్నాళ్ళే," అన్నాడు. అప్పటినుంచి ఈ వంటింట్లో ఇద్దరు టీచర్లు.

"నా కొడుకు పిల్లలు బడి మొహం చూడలేదంటే ఊరంతా నవ్వుతోంది," అంది అత్తగారు వెర్నీటా, కళ్ళు తెరవకుండానే. "అదే బళ్ళో ముప్ఫై ఏళ్ళు చెప్పినదాన్ని."

"నవ్వనివ్వండి టీచరమ్మా. నవ్వు ఒంటికి మంచిది."

పెళ్ళయి పదిహేనేళ్ళైనా ట్విలా ఆవిణ్ణి అత్తయ్యా అని పిలవలేదు. చిన్నప్పుడు ఆవిడ తరగతిలో టీచరమ్మా అన్న నోటికి ఆ పిలుపు తిరగలేదు. వెండెల్ మొదటిసారి ఇంటికి తీసుకెళ్ళినప్పుడు వెర్నీటా కళ్ళజోడు సర్దుకుని చూసి, "నా దగ్గర చదివావా? ఏమో, గుర్తులేదే," అంది. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

"కోళ్ళను పెంచినట్టు పెంచుతున్నావు పిల్లల్ని."

"మేత వెయ్యమని మిమ్మల్ని అడగలేదుగా?"

హదస్సా తల వంచుకుని గింజలు మళ్ళీ లెక్కపెట్టింది. చిన్నవాళ్ళు మాత్రం బంతాట చూస్తున్నట్టు ఇటూ అటూ చూస్తున్నారు.

"సరే," అంది వెర్నీటా. ఇప్పుడు కళ్ళు తెరిచింది. "నిన్న నువ్వు బట్టలు ఆరేస్తుంటే ఫోన్ చేశాను. పిల్లల సంగతులు చూసే ఆఫీసుకి. తొమ్మిదేళ్ళ జూబల్ ఒక్క పేజీ చదవలేడని చెప్పాను. సోమవారం వస్తామన్నారు."

ట్విలా చేతిలో గరిటె ఆగిపోయింది. పసివాడు రొమ్ము వదిలి ఏడుపందుకున్నాడు.

"అంత పని చేశారా?"

"ఎవరో ఒకరు చెయ్యాలిగా."

ట్విలా పసివాణ్ణి భుజాన వేసుకుని, పుస్తకం తెరిచి జూబల్ ముందు పెట్టింది. గాడిద వాగు దాటే కథ. జూబల్ మొహం ఎర్రబడింది. వేలు పెట్టి రెండు మాటలు చదివాడు. మూడోదాని దగ్గర ఆగాడు. ఆ ఇంగ్లీషు మాటలో సగం అక్షరాలు రాయడానికే, పలకవు. మొదలుపెట్టాడు, తప్పాడు, మళ్ళీ మొదలుపెట్టాడు.

కుర్చీలోంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

"పర్వాలేదు పిల్లలూ. మనందరం జూబల్ కోసం ఆగుదాం."

ఎంతో మెత్తగా అంది ఆ మాట. ఆ మెత్తదనం ట్విలాకు తెలుసు. నల్లబల్ల ముందు, మోకాళ్ళ దాకా గౌనులో, పుస్తకం పట్టుకుని నిలబడ్డ పిల్లతో కూడా ఆవిడ సరిగ్గా అలాగే అంది. మనందరం ట్విలా కోసం ఆగుదాం. తరగతంతా బల్లల మీద గడ్డాలు ఆన్చి ఆగింది. ఒకరోజు ట్విలా కాళ్ళ వెంబడి ఉచ్చ వెచ్చగా మేజోళ్ళలోకి దిగింది. అప్పుడు కూడా ఆగారు. పిల్లల్ని బడికి ఎందుకు పంపవని చర్చిలో ఎవరైనా అడిగితే ట్విలా దేవుడి మాట చెప్పేది. ఆ తరగతి సంగతి వెండెల్‌కి కూడా చెప్పలేదు.

ట్విలా పసివాణ్ణి హదస్సా ఒళ్ళో పెట్టింది. కుట్లు లాగుతున్నా విసవిసా వెళ్ళి, కుర్చీ చక్రానికున్న గడియ కాలితో తన్ని, కిటికీ వరకు తోసి, ముఖం అద్దానికేసి తిప్పి నిలబెట్టింది.

"ఇక్కడ కూర్చుని ఆవుల్ని చూసుకోండి. వాటికీ చదువు రాదు."

"వెండెల్ రానీ చెప్తాను."

"రానివ్వండి. ఆయనకీ పక్కనే కుర్చీ వేస్తాను."

వెర్నీటా వెనక్కి తిరగలేదు. "నీకు రాదు కనకే వాళ్ళకీ రానివ్వవు," అంది అద్దం వైపే చూస్తూ.

ట్విలాకు చెంప మీద కొట్టినట్టయింది. మర్నాటి పాఠం ముందురోజే వేలు పెట్టి చదువుకుని, కష్టమైన మాటల్ని బట్టలు మడతపెడుతూ లోలోపల వల్లించుకోవడం ఈ ఇంట్లో ఎవరికీ తెలియదనుకుంది.

వచ్చి జూబల్ పక్కన, బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. "చదువు," అంది. "ఎంతసేపైనా చదువు."

జూబల్ చదివాడు. గాడిద నీళ్ళలో కాలు పెట్టింది. ఆగాడు. కిటికీ దగ్గర్నుంచి ఏ మాటా రాలేదు. ఆ మాటను మళ్ళీ కూడబలుక్కున్నాడు. వచ్చింది. వాడి గొంతు కాస్త పెరిగింది. కవలలు కూడా బల్ల కిందనుంచి తలలు బయటపెట్టారు. గాడిద అవతలి ఒడ్డుకు చేరింది. పేజీ అయిపోయింది.

పిల్లలందరూ కుర్చీ వీపు వైపు చూశారు.

"విన్నారా టీచరమ్మా?" అంది ట్విలా గట్టిగా.

జవాబు లేదు.

"పాపం, నోరు పడిపోయినట్టుంది."

పిల్లలు పగలబడి నవ్వారు. ట్విలా కూడా నవ్వింది, కుట్లు పట్టుకుని. ఎన్నో నెలల తర్వాత ఆ వంటింట్లో ఆమె మాటే చివరి మాటయింది.

మధ్యాహ్నం బల్ల మీద బీన్సు సూపు, వేడి రొట్టె పెట్టింది. "నానమ్మకి తీసుకెళ్ళనా?" అంది హదస్సా.

"అడిగితే పెడదాం."

అడగలేదు. గిన్నెలు కడిగారు. పసివాడు నిద్రపోయాడు. ఒక వాయి బట్టలు మిషన్లో వేసి వచ్చాక, ఇక బాగుండదనిపించి, ట్విలా ఒక గిన్నెలో సూపు పోసుకుని కుర్చీ ముందుకు వెళ్ళింది.

వెర్నీటా తల ఒక పక్కకి వాలి ఉంది. సగం తెరిచిన కళ్ళు మేతబీడు మీదే ఉన్నాయి. చెయ్యి చల్లబడిపోయింది.

ట్విలా గిన్నె కిటికీ గట్టు మీద పెట్టింది. పిల్లల్ని కట్టెలు తెమ్మని బయటికి పంపింది. తర్వాత వెండెల్‌కి ఫోన్ చేసింది.

అతను బూట్ల బురదతోనే లోపలికొచ్చి తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు. "చివర్లో ఏమైనా అందా?" అనడిగాడు.

"జూబల్ పేజీ మొత్తం చదివాడు."

"బాగుందందా?"

"ఏమీ అనలేదు."

వెండెల్ తలెత్తి చూశాడు. "మా అమ్మా? తప్పు పట్టలేదా?"

"లేదు. ఆఫీసుకి ఫోన్ చేశానంది."

"చేసే ఉంటుంది. ఊరికే బెదిరించే మనిషి కాదు."

సాయంత్రానికి బండి తెచ్చి ఆవిణ్ణి తీసుకెళ్ళారు. వెండెల్ కూడా ఆ బండిలోనే వెళ్ళాడు. కుర్చీ మిగిలింది. తుడుద్దామని ట్విలా దాని మీదున్న వెర్నీటా శాలువా తీస్తుంటే, దోమ రొదలా సన్నని కూత వినిపించింది. హదస్సా మడతలన్నీ దులిపింది. బొటనవేలి గోరంత వస్తువు నేల మీద పడింది. నానమ్మ చెవి మిషను.

"జారి పడిందా, తీసేసుకుందా?" అంది హదస్సా.

"అమ్మా, ఎప్పుడు తీసింది?" అన్నాడు జూబల్. "నేను చదవకముందా, చదివాకా?"

ట్విలా దాన్ని వంగి తీసుకుంది. గుప్పిట తెరిస్తే ఆ మిషను ఊరుకుంటోంది, మూస్తే మళ్ళీ సన్నగా కూస్తోంది.