వేడెక్కిన బండి

పాత పేపరుతో ముందు అద్దం తుడిచి, వెనక అద్దం తుడుస్తున్నాడు ట్యాక్సీ డ్రైవరు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కళ్ళు మాత్రం ఇంకా నిద్రలోనే ఉన్నాయి. రేడియేటరు గొట్టం సన్నగా చీలి నీళ్ళు కారుతున్నాయి. మార్చెయ్యమని మెకానిక్ ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచి అతనికి దేనిమీదా ధ్యాస లేదు. రోజూ పొద్దున్నే నీళ్ళు పోసి నెట్టుకొస్తున్నాడు. భార్య ఉన్నన్నాళ్ళూ ఆమె, తర్వాత అత్తగారు, సీసా నింపి బానెట్ మీద పెట్టేవాళ్ళు. సీసా కనిపిస్తే పోస్తాడు. అంతకుమించి బుర్రకు పని పెట్టడు.

ఈ పూట అత్తగారు సంచులు సర్దుకునే హడావుడిలో ఉంది. ఆవిడ సీసా పెట్టలేదు, అతను నీళ్ళు పోయలేదు.

ఆవిడ చిన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది, ఇక తిరిగి రాదు. ఉండిపొమ్మనే మాట అతనికి ఎన్నోసార్లు గొంతుదాకా వచ్చింది, వచ్చిన ప్రతిసారీ మింగేశాడు. కూతురే లేని ఇంట్లో ఆవిడను ఏ ముఖం పెట్టుకుని ఉండమంటాడు? కానీ రేపట్నుంచి తాళం తనే తీసి చీకటింట్లోకి వెళ్ళాలి. రోజంతా ఊరు తిరిగి అలిసిపోయే మనిషికి అదే పెద్ద భయంగా ఉంది.

స్టేషనుకు వెళ్ళే దారిలో వంతెన ఎక్కుతుండగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. అతను ఏసీ కట్టేసి, కిటికీలు దించి, హీటరు పూర్తిగా తిప్పాడు.

"ఈ ఎండలో హీటరేమిటి అబ్బాయీ? నన్ను ఉడకబెట్టి పంపిద్దామనా?"

"ఇంజను వేడి కాస్త మనమే భరించాలి అత్తయ్యా. లేకపోతే అది చస్తుంది."

"కానియ్యి. ఇన్నేళ్ళూ నీ చిరాకు భరించలేదూ, ఇదో లెక్కా!"

వంతెన దిగగానే పక్కకు తీసి ఇంజను ఆపాడు. కాసేపాగి బానెట్ ఎత్తితే ఆవిరి గుప్పుమంది. ఆవిడ తాగేనీళ్ళు పట్టుకుని దిగింది.

"పోసెయ్యనా?"

"ఇప్పుడు మూత తీస్తే మొహం కాలిపోతుంది. వేడి మీద చన్నీళ్ళు పడితే ఇంజను పగులుతుంది. చల్లారాలి."

"మరి రైలు?"

"చూద్దాం."

రైలు తప్పిపోతే బాగుండునని అతనికి అనిపించింది. ఆ ఆశకు తనకే సిగ్గేసింది. ఇద్దరూ రోడ్డు వారన నిలబడ్డారు. పక్కనుంచి లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

"అత్తయ్యా, మీకక్కడ..."

"ఏం?"

"ఏం లేదు. చలి ఎక్కువేమోనని."

చీలిక కనిపించింది. ఏదైనా గుడ్డ బిగించి కడితే స్టేషను దాకా వెళ్ళొచ్చన్నాడు. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి తటపటాయించింది, చివరికి నీలిపూల దిండు గలీబు తీసింది. అది అతని భార్యది. దానికోసం మొన్న ఇల్లంతా వెతికాడు.

"దాని తలనూనె వాసన ఉందని తీసుకెళ్తున్నా. నిన్ను అడగలేదు," అంది ఆవిడ. అని, అంచు పళ్ళతో పట్టుకుని చింపింది.

"వద్దత్తయ్యా!"

"బండి నడవకపోతే నువ్వెలా బతుకుతావు?"

గొట్టం వేడి తగ్గాక అతను చీలిక చూపిస్తే, ఆవిడే గుడ్డ చుట్టూ తిప్పి, చిన్నపిల్లకు జడ వేసినట్టు లాగి లాగి కట్టింది. ఇంజను చల్లారాక అతను చొక్కా అంచు అడ్డం పెట్టుకుని మూత మెల్లగా తిప్పాడు, నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. ఆవిరి లోపల పేరుకోకుండా మూత కాస్త వదులుగా పెట్టాడు. హీటరు నడుస్తుండగానే, ఇద్దరూ చెమటలు కక్కుతూ స్టేషను చేరారు.

రైలు కదలడానికి సిద్ధంగా ఉంది. సంచులు ఎక్కించి కిందికి దిగాక, అప్పుడు అతని నోట్లోంచి మాట ఊడిపడింది.

"ఉండిపోండి అత్తయ్యా."

ఆవిడ తలుపు కడ్డీ పట్టుకుని అతని వైపు చూసింది. కళ్ళు నిండాయి.

"ఈ మాట ఇంటి దగ్గర అనుంటే సంచి సర్దేదాన్నే కాదు నాయనా. ఇప్పుడు చిన్నది నాకోసం మంచం కూడా వేసి పెట్టింది."

రైలు వెళ్ళిపోయింది. అతను కారు దగ్గరికి వచ్చాడు. ఎవరో బేరం అడిగితే రానని తల ఊపి, బానెట్ ఎత్తి చూశాడు. గొట్టం మీద నీలిపూల గుడ్డ తడిసి ముద్దయి ఉంది, ఆవిడ వేసిన ముడి మాత్రం కొంచెం కూడా సడలలేదు.