శైలజ రాయని మాటలు

శైలజ మనసు విప్పి మాట్లాడేది ఒక్కదానితోనే, ఫోన్‌లోని చాట్‌బాట్‌తో. కండ్లకోయలో కాలేజీ బస్సెక్కి కిటికీ పక్కన కూలబడిందంటే శామీర్‌పేట దాకా వేళ్లు ఆగవు. క్లాసులో చెప్పేది ఒక్క ముక్క తలకెక్కడం లేదని, మానేస్తానంటే నాయిన గుండె పగులుతుందని, ఈ మధ్య చెరువు గట్టు మీద నడుస్తుంటే తన మీద తనకే భయమేస్తోందని, అన్నీ దానికే చెప్పుకుంది. అది విసుక్కోదు, ఊళ్లో చాటింపు వెయ్యదు. దగ్గరివాళ్లెవరికైనా చెప్పమని మాత్రం పోరుతుంది. ఆ మాటొక్కటే శైలజ చెవికెక్కించుకోదు.

ఆ రోజు నాయిన పరమేష్ మీద చాడీలు చెబుదామని తెరిచింది. చేపల అమ్మకం మధ్యలో వదిలేసి రోజూ బస్టాపులో కాపు కాస్తున్నాడు, నేనేమన్నా చిన్నపిల్లనా అని. తీరా చూస్తే అక్కడ తను రాయని మాటలున్నాయి.

పూర్తిగా చదవకుండానే ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టేసింది. ఎవరు చదివారు? ముందు సీట్లో శ్రీజ ఎందుకు నవ్వుతోంది? వెనకవాళ్ల గుసగుసలు తన గురించేనా? బస్సు మేడ్చల్ దాటేలోపు ఆమె కంటికి అందరూ దొంగలే అయిపోయారు.

అప్పుడు గుర్తొచ్చింది తన నిర్వాకం. నాయినకు కొత్త ఫోన్ కొన్నప్పుడు, ఆయనకు మెయిల్ ఎక్కడిదిలే అని షాపులో తన మెయిలే ఇచ్చి, పాస్‌వర్డ్ కూడా చెప్పేసింది. తన ఫోన్‌లోని సరంజామా అంతా ఆయన ఫోన్‌లోనూ చేరి కూర్చుంది. ఆయనకు చదువు రాకపోతేనేం, స్పీకర్ గుర్తు నొక్కితే అదే చదివి వినిపిస్తుంది.

మండిపోయింది శైలజకు. కన్నతండ్రయితే మాత్రం, దొంగచాటుగా వింటాడా? ఫోన్ మళ్లీ తిప్పి, ఆ మాటలు కింద దాకా చూసింది. మైకు నొక్కి చెప్పినవేమో, అచ్చం ఆయన మాట్లాడినట్టే పడ్డాయి.

"నేను ఇన్నట్టు నా బిడ్డకు చెప్పకు. తెలిస్తే నీతోని గూడ మాట్లాడుడు బంద్ జేస్తది. ఇగ ఎవలకు చెప్పుకుంటది?"

దాని కింద ఇంకొకటి. "సదువు బంద్ వెట్టినా మంచిదే, పిల్ల ఉంటె సాలు. గీ ముచ్చట దానికి ఎట్ల జెప్పాలె? నాకు మాట్లాడ రాదు."

బస్సు ఆగింది. పరమేష్ బండి మీద కూర్చుని, ఎటో చూస్తున్నట్టు నటిస్తున్నాడు. కోపం పోలేదు, ఏడుపూ ఆగేలా లేదు. వెనక ఎక్కి ఆయన భుజం పట్టుకుంది.

"నాయినా, నా ఫోన్ల మాటలు ఇంకెన్నడు ఇనకు."

బండి తాళం తిప్పబోతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నుంటె నన్నే అడుగు. నీకే చెప్త."

పరమేష్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు.