పడవంత కారూ, ఇటుకంత పుస్తకమూ

టైలరు పాత కుట్టుమిషను మోటారు కొనడానికి వెళ్లి కారు కొనుక్కొచ్చాడు.

వరదలో మునిగిన వాహనాలను బీమా కంపెనీవాళ్లు ఒక గోడౌను వెనక వరసగా నిలబెట్టి తుక్కు కింద వేలం వేస్తున్నారు. చివరి వరసలో నల్లటి పొడుగాటి కారు, ఒళ్లంతా బురద ఎండి పెచ్చులు కట్టి ఉంది. ఒకప్పుడు ఏ కోటీశ్వరుణ్ణో మోసి ఉంటుంది. టైలరు తలుపు తీసి తొంగిచూశాడు. సీట్ల తోలు మీద జంట కుట్టు కనిపించింది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్క పోటు తప్పలేదు. అతనికి కళ్లు చెమర్చాయి.

"ఇలాంటి కుట్టును తుక్కులో కలిపేస్తారా!" అన్నాడు. వేలంపాట అయిపోయేసరికి కారు అతనిదైపోయింది.

మర్నాడు అది లారీ మీద ఇంటికొచ్చింది. ముక్కు బట్టలారేసే తీగ కింద, తోక వంటింటి కిటికీ కింద. ఇంటిముందు జాగా అక్కడికి సరిపోయింది. భార్య గుమ్మంలో నిలబడి ముక్కునుంచి తోకదాకా చూసింది.

"ఏమండీ, మీకు డ్రైవింగు వచ్చా?"

"నేర్చుకుంటాను."

"పోనీ, దానికి నడవడం వచ్చా?"

"నేర్పుతాం."

ఆ 'తాం'లో రెండో మనిషి ఆమె తమ్ముడు. స్కూటర్ల మెకానిక్కు. కారు బానెట్టు కింద ఏనాడూ చెయ్యి పెట్టినవాడు కాదు. అయినా జంకలేదు.

"నాలుగు చక్రాలంటే ఏముంది బావా, రెండు స్కూటర్లేగా!"

ఆ రెండు స్కూటర్లూ కలిసి ఆర్నెల్లపాటు వాళ్ల ప్రాణాలు తోడేశాయి. సీట్లు ఊడదీస్తే అడుగున బురదతోపాటు ఒక కప్ప బయటపడింది. పచ్చని కాపురంలో నిప్పులు పోశారన్నట్టు ఇద్దరివంకా ఓ చూపు చూసి, గెంతుకుంటూ వెళ్లిపోయింది. తివాచీలు ఉతికి ఆరేస్తే తీగ తెగింది. వైర్ల కొసలకు పట్టిన పచ్చటి చిలుమును పాత టూత్‌బ్రష్షులతో తోమారు. ఒకరోజు పాతవి అరిగిపోతే కొత్తదానితో తోమారు. అది అత్తగారిది.

అత్తగారు కూతురి దగ్గరే ఉండేది. ఆవిడ బ్రష్షు వెంట్రుకల్ని వెలుతురుకు పెట్టి చూసింది.

"అల్లుడుగారూ, మీ కారుకి పళ్లు కూడా వచ్చాయా?" అని మాత్రం అడిగింది.

డాష్‌బోర్డు అరలో ఇటుకంత పుస్తకం దొరికింది. కారును ఎలా వాడాలో కంపెనీవాళ్లు రాసిచ్చింది. ఆరొందల పేజీలూ నీళ్లకు నాని అట్టకట్టాయి. మెకానిక్కు దాన్ని టైరుకు అడ్డం పెట్టబోతే అక్క లాక్కుంది.

"ఒరేయ్, ముందు ఇది చదివితే పోలా?"

"చదువే వస్తే నేను మెకానిక్కునెందుకవుతానక్కా?"

టైలరు ఇస్త్రీపెట్టెతో ఒక్కో పేజీనీ ఆరబెట్టి విడదీసి ఇచ్చాడు. ఆమె కుక్కరు కూతకూ కూతకూ మధ్య రెండేసి పేజీలు చదివేసేది. మూడొందల పది తరవాత పదహారు పేజీలు మాత్రం ఎంతకీ విడలేదు.

చదివినకొద్దీ ఆమె గొంతే మారిపోయింది. కారు వెనక ఎడమవైపు రోజూ తెల్లారేసరికి కుంగిపోయేది. బావా బావమరిదీ కింద దూరి స్ప్రింగు ఎక్కడుందా అని వెతుకుతుంటే వంటింటి కిటికీలోంచి మాట వినబడింది.

"దానికి స్ప్రింగులుండవు. గాలితిత్తులుంటాయి. పేజీ రెండొందల ఏడు."

"అలాగా!" అన్నాడు టైలరు కిందనుంచే.

"ఎత్తి దిమ్మలు పెట్టకుండా కింద దూరితే కారు మనిషి మీద కూర్చుంటుందట. రెండొందల ఎనిమిది."

ఇద్దరూ ఒకర్నొకరు తొక్కుకుంటూ బయటికొచ్చిపడ్డారు.

చిల్లుపడిన తిత్తికి తోలు అతుకు వేస్తానన్నాడు టైలరు. అతుకులు వేయరాదని పెద్దక్షరాలతో ఉందని చెప్పింది భార్య. చివరికి ఇంకో తుక్కుకారునుంచి మంచి తిత్తి తెచ్చి బిగించారు.

ఏడో నెలలో ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆ తరవాత పిల్లిలా గురగురలాడింది. మెకానిక్కు వైర్లు ఎక్కడో తారుమారు చేయడంవల్ల వైపరు వేస్తే వెనకసీటులో వీపు మర్దన చేసే యంత్రం కూడా మొదలయ్యేది.

"వానాకాలం హాయిగా ఉంటుంది. వదిలెయ్ బావా," అన్నాడు మెకానిక్కు.

టైలరు లైసెన్సు తెచ్చుకున్నాడు. మొదటి ప్రయాణం అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లడం. భార్యా, బావమరిదీ కూడా ఎక్కారు.

"అత్తయ్యా, మీరు వెనక మహారాణిలా కూర్చోండి. దేన్నీ మాత్రం ముట్టుకోకండి."

ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. సగం దూరంలో తుంపర మొదలైంది. టైలరు వైపరు వేశాడు.

"అ-ల్లు-డు-గా-రూ, న-న్నె-వ-రో కు-దు-పు-తు-న్నా-రు!"

బజారు కూడలిలో ఇంజను టప్పున ఆగింది. ముగ్గురూ దిగి బానెట్టు దగ్గరికి వెళ్లారు. వెనకనుంచి టక్కుమని శబ్దం. తలుపులన్నిటికీ దానంతటదే తాళం పడింది. తాళంచెవి లోపల. అత్తగారూ లోపలే, మెల్లగా ఊగుతూ.

నిమిషంలో జనం మూగారు. పళ్ల బండివాడు అద్దం దించమన్నాడు. బస్సు కండక్టరు కారును ఊపమన్నాడు.

"ఆల్రెడీ ఊగుతోందయ్యా!" అని విసుక్కున్నాడు మెకానిక్కు. సుత్తి అందుకున్నాడు.

టైలరు అద్దానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. "ముందు నా తల పగలగొట్టు!"

"లోపలున్నది మా అమ్మ బావా!"

"బయటున్నది మా అద్దం!"

"ఆగండిద్దరూ," అంది భార్య. సంచిలోంచి ఇటుక తీసి వెనక సూచిక చూసింది. "తలుపులు తెరుచుకోనిచో, పేజీ మూడొందల పద్నాలుగు."

అతుక్కుపోయిన పేజీలు అవే.

టైలరు చొక్కా కాలరులో గుచ్చుకున్న సూది తీశాడు. కండక్టరు గొడుగు పట్టాడు. జనం మెడలు చాచారు. అతను అంచునుంచి సూది పోనిచ్చి, కుట్టు విప్పినంత మెత్తగా పేజీని విడదీశాడు. భార్య గొంతు సవరించుకుని చదివింది.

"లోపలివారు పిడిని రెండుసార్లు లాగవలెను."

"ఇంతేనా!" అన్నాడు పళ్లబండివాడు, డబ్బిచ్చి చూడ్డానికొచ్చినవాడిలా.

ఆమె అద్దం మీద కొట్టింది. "అమ్మా! పిడి లాగు! రెండుసార్లు!"

"దే-న్నీ ము-ట్టు-కో-వ-ద్ద-న్నా-రు అ-ల్లు-డు-గా-రు!"

"ఇప్పుడు ముట్టుకోవచ్చు అత్తయ్యా!"

"మీ-రే అ-న్నా-రు. త-ర-వా-త న-న్న-న-కూ-డ-దు!"

ఆవిడ ఒకసారి లాగింది. చెయ్యి పిడి మీదే ఉంచి ఆగిపోయింది. కళ్లు మూసుకుంది.

"ఇంకోసారి లాగమ్మా!"

"ఉం-డ-వే! ఇ-ప్పు-డే న-డుం ద-గ్గ-రి-కొ-చ్చిం-ది!"

కూడలి మొత్తం తుంపరలో నిలబడి, అత్తగారి నడుం పూర్తయ్యేదాకా ఎదురుచూసింది. ఆ తరవాత ఆవిడ నింపాదిగా రెండోసారి లాగి, చెంగు సర్దుకుని దిగింది.

"హమ్మయ్య. పదేళ్ల పట్టు వదిలింది. ఇక పదండి, కళ్ల సంగతి చూసుకుందాం."

ఆసుపత్రికి చేరేసరికి కంటి డాక్టరు వెళ్లిపోయాడు. మర్నాడు బస్సులో వెళ్లొచ్చారు.

ఆ వారమే భార్య డ్రైవింగు స్కూల్లో చేరింది. రెండు నెలల్లో స్టీరింగు ఆమె చేతికొచ్చింది, మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. టైలరు అలగలేదు సరికదా, పక్కసీట్లో కూర్చున్న మొదటిరోజే సుఖంగా నిద్రపోయాడు. నిజానికి కారు నడపాలంటే అతనికి మొదటినుంచీ గుండెదడే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.